వెంకటన్న పళ్ల సెట్టు

మానవపాడు బండలాగుడు పోటీల్లో ఎద్దుల నోరు తెరిచి, పళ్లను బట్టి వయసు కట్టి, ఏ జత ఏ విభాగంలో దిగాలో తేల్చేది వెంకటన్న. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగు పళ్లా, ఆరు పళ్లా? ముప్పై ఏళ్లుగా ఆయన చెప్పిందే మాట. అలాంటి మనిషి నోట్లో సొంత పన్ను ఒక్కటీ లేదు. పోయిన ఏడు కర్నూలులో కట్టించుకున్న సెట్టు సంగతి భార్య భాగ్యమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఊరు బతకనిస్తుందా!

ఈ మధ్య మన వైపు కూడా మనుషులకు వింత శక్తులు రావడం మొదలైంది కదా. వనపర్తిలో ఒకాయన ఎగురుతున్నాడు గానీ, కరెంటు తీగలకు జంకి గోడ ఎత్తు దాటడు. మా ఊరి సుమనకు బలం వచ్చింది. పత్తిచేన్లకు కూలికి పోయే పిల్ల, రేగడిలో దిగబడిన ట్రాక్టర్‌ను ఒంటిచేత్తో గట్టున పెట్టింది. ఈసారి తిన్నగా పోటీకే వచ్చింది.

"నేను గుంజుత. పేరు రాయుండ్రి."

కోడెల ఆసామి దశరథం లేచాడు. "గట్లెట్ల? జత ఉండాలె. కాడికి రెండో దిక్కు ఎవరు?"

"వెంకటన్న మామ ఉన్నడు గద! నువ్వు ఊకె నడువు మామా, గుంజుడు నా పని."

ఇన్నేళ్లూ పక్కన నిలబడి చూసిన కాడి. వెంకటన్నకు ఆశ పుట్టింది. సరే అన్నాడు.

"అయితే నోరు తెరువు అన్నా," అన్నాడు దశరథం. "జతల పెద్దదాని పళ్లే లెక్క. నీ రూలే గద!"

వెంకటన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఇయ్యాల జర నడుము నొస్తుంది..."

సుమన కాడిని మెల్లగా కింద పెట్టింది. "పోనీ మామా. గీ బలమొచ్చినప్పటిసంది కోలాటంల గూడ నా ఎదురుంగ ఎవరు నిలబడుతలేరు."

వెంకటన్న పై సెట్టూ కింది సెట్టూ ఊడదీసి, మైకులో పేర్లు చదువుతున్న నా అరచేతిలో పెట్టాడు. తడితడిగా ఉన్నాయి. దశరథం వంగి చూసి, "ఒక్కటి గూడ లేదు!" అని అరిచాడు. జనం గొల్లుమన్నారు.

"పళ్లు లేనిది పాలపళ్ల కిందికే వస్తది," అన్నాడు వెంకటన్న బోసినోటితో, తీర్పు చెప్పే గొంతుతోనే. "రాసుకో."

సుమన కాడి ఎత్తగానే, రెండో కొస పట్టుకున్న ఆయన కాళ్లు నేల వదిలాయి. బండ ఈ కొస నుంచి ఆ కొసకు పోయేదాకా ఆయన గాలిలోనే నడిచాడు. "పాలపళ్ల విభాగం, మొదటి బహుమతి" అని నవ్వు ఆపుకుని పూర్తిగా చదవడానికి నాకు నాలుగుసార్లు పట్టింది.

సుమన ఆయన్ను భుజాన ఎక్కించుకుని తిప్పింది. ఆయన నోరంతా తెరిచి నవ్వుతూనే ఉన్నాడు.

"జర మూయే అన్నా," అన్నాడు దశరథం, "నా కోడెలు బెదురుతున్నయ్."