ఉస్తాద్ సాసర్‌లో సగం చాయ్

సికింద్రాబాద్‌లో లేత్ మెషిన్ మీద ఆడపిల్లను నిలబెట్టిన మొదటి మనిషిని నేను. ఎనభైల మొదట్లో, ఊరి శివారులో నీటి పంపుల విడిభాగాలు చేసే ఒక కార్ఖానాలో పర్సనెల్ ఆఫీసరుగా చేరిన రెండో ఏట జరిగిందిది. మారేడ్‌పల్లి పార్కులో పొద్దున నాతోపాటు నడిచేవాళ్లందరికీ ఈ సంగతి కంఠతా వచ్చు.

మాది విజయనగరం వైపు. యంత్రాల గురించి నాకు తెలిసింది తక్కువ, కాగితాల గురించి బాగా తెలుసు. ఆ ఏడు అప్రెంటిస్‌లను తీసుకునే పని నా బల్ల మీద పడింది. పద్ధతి ఇలా ఉండేది. ఒక ట్రేడులో పని వచ్చిన కార్మికులు ఎంతమంది ఉంటే, దానికి తగిన నిష్పత్తిలో అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం. కంపెనీకీ కుర్రాడికీ మధ్య ఒప్పందం రాయాలి. మైనరైతే తండ్రి సంతకం చేయాలి. దాన్ని ప్రభుత్వంలో అప్రెంటిస్‌షిప్ సలహాదారు దగ్గర రిజిస్టరు చేయించాలి. ఆ తర్వాత అతను మన దగ్గర ఉన్నా మన కార్మికుడు కాడు, శిక్షణలో ఉన్నవాడు. అతనికి ఇచ్చేది జీతం కాదు, స్టైపెండు.

మా మేనేజరుగారికి ఒకటే భయం. "రేపు వీళ్లంతా ఉద్యోగం ఇమ్మని నా నెత్తిన కూర్చుంటే?" అన్నారు. ఒప్పందంలో మనం రాస్తే తప్ప ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత లేదని చెప్పాను. "అయితే రాయకండి" అన్నారు. మిగతా సగం ఆయనకు అంత రుచించలేదు: వాళ్లచేత ఊడ్పించడం, మోయించడం కుదరదు, ట్రేడు నేర్పాలి. చివర్లో పరీక్ష ఉంటుంది. డ్రాయింగు చేతికిచ్చి, దాని ప్రకారం ముక్క తయారుచేయమంటారు. అది చేస్తేనే సర్టిఫికెట్టు.

టర్నర్ ట్రేడుకి, అంటే లేత్ పనికి, వచ్చినవాళ్లలో ఎస్తేరు ఉంది. చిలకలగూడ అమ్మాయి. తండ్రి కోస్తా నుంచి వచ్చి మిషన్ బడిలో పంతులుగా చేసేవాడు. ఐటీఐలో పాసైంది, కనుక మా దగ్గర ఒక్క ఏడాది చేస్తే చాలు. రాత్రి షిఫ్టు ఉండదు కదా అన్నారు మేనేజరు. ఏ అప్రెంటిస్‌కీ ఉండకూడదన్నాను. ఆమె పేరు ఉంచారు.

ఇక్కడ కొంచెం వెనక్కి తగ్గాలి. సికింద్రాబాద్‌లో మొదటి మనిషినని అన్నాను. పక్క కార్ఖానాల్లో ఎవరు ఏ మెషిన్ మీద ఉన్నారో నేను పోయి చూసింది లేదు. మా షెడ్డులో మొదటి అమ్మాయి, అంతవరకు నిజం. నిలబెట్టాననడం కూడా ఎక్కువే. సంతకం పెట్టాను.

ఎందుకంటే మా షెడ్డులో సంతకం గేటు వరకే పనిచేసేది. లోపల వేరే ఆచారం. మొదటి రోజు కొత్త పిల్లలు గోడ పక్కన వరసగా నిలబడేవారు. చాయ్ వేళకు ఒక్కో పాత టర్నరు, అంటే ఉస్తాద్, తన కప్పులోంచి సగం సాసర్‌లో పోసి ఒకణ్ణి పిలిచేవాడు. ఆ సగం తాగినవాడు ఆయన శిష్యుడు. ఆ రోజు అందరికీ సాసర్లు దక్కాయి. ఎస్తేరుకి దక్కలేదు. ఆడపిల్లకి మా ఎంగిలి చాయ్ ఎట్లా ఇస్తామని ఒకరంటే, ఇంకొకరు అసలు ఆమె వైపే చూడలేదు.

నేను ఆఫీసు ఆర్డరు వేశాను, ఎస్తేరును సీనియర్ టర్నర్ యాదగిరి కింద వేస్తున్నామని. యాదగిరి ఆ కాగితం పట్టుకొని నా గదికి వచ్చాడు.

"ఆర్డర్ మీరు రాసిండ్రు సార్, నేర్పేది నేను. ఆ పోరి చున్నీ తిరిగే చక్‌ల పడి లాగితే జవాబు చెప్పనీకి మీరొస్తరా?"

"చట్టం ఉంది యాదగిరీ."

"ఉంటే ఉండనీ. చట్టాన్నే నిలవెట్టుండ్రి మెషిన్ మీద."

మర్నాటి నుంచి ఆమెను స్టోర్స్‌లో బోల్టులు ఏరడానికి పంపాడు. నేను జాలిపడి క్యాంటీన్ కుర్రాడిచేత ఆమెకి ఆఫీసు కప్పులో చాయ్ పంపించాను. అంతకన్నా తెలివితక్కువ పని లేదు. "ఆఫీసు పిల్ల" అని పేరు పడి, పలకరించే ఒకరిద్దరూ మానేశారు. ఇలాగే ఏడాది గడిస్తే డ్రాయింగు ముందు పెట్టినప్పుడు ఆమె చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. చదివిన చదువు, చేసిన ఏడాది, రెండూ పోతాయి.

అప్పుడు ఆమెను పిలిచి, ఇంటి నుంచి ఒక ఫ్లాస్క్ తెచ్చుకోమన్నాను. మర్నాడు చాయ్ వేళకి ఆమె తిన్నగా యాదగిరి మెషిన్ దగ్గరికి వెళ్లింది. స్టీలు గ్లాసులో చాయ్ పోసి, సగం సాసర్‌లోకి వంచి ఆయన ముందు పెట్టింది.

"మీరు పొయ్యరని నేనే తెచ్చిన ఉస్తాద్. జెర తాగండి, చల్లారిపోతది."

షెడ్డంతా నవ్వింది. "పిల్లే ఉస్తాదాయె, యాదన్న శిష్యుడాయె" అని ఎవరో అన్నారు. యాదగిరి సాసర్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, తాగేశాడు. ఎవరు పోసినా, సాసర్ తాగాక ఆచారం ఆచారమే.

"చక్కెర ఎక్కువైంది. రేపు తక్కువెయ్యి" అన్నాడు. సాసర్ పక్కన పెట్టి, "ఆ చున్నీ తీసి స్టోర్స్‌ల వెట్టు. ఖాకీ కోటు తొడుగు. జడ టోపీ లోపలికి దోపు. అప్పుడు రా" అన్నాడు.

అదే మొదటి పాఠం. ఏడాది చివర ఆమె ముక్క డ్రాయింగుకి సరిపోయింది, సర్టిఫికెట్టు వచ్చింది.

దీని నుంచి నేను గ్రహించింది ఇది. అప్రెంటిస్‌ను తీసుకునేది కంపెనీ అయినా, చేర్చుకునేది నేర్పే మనిషి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఒప్పందాలు రాయడానికి ముందే ఉస్తాదులను కూర్చోబెట్టి ఎవరిని ఎవరు తీసుకుంటారో అడిగేవాణ్ణి. చట్టంలో ఆ మెట్టు లేదు. యజమానులు దాన్ని కలుపుకుంటే మంచిది.

ఇదంతా రాసి, ఆదివారం చర్చి నుంచి వస్తూ మా ఇంటికి వచ్చిన ఎస్తేరుకి చదివి వినిపించాను. ఇప్పుడు ఆమె టర్నర్లకు పాఠాలు చెబుతోంది. చివరిదాకా విన్నది.

"బాగుంది సార్. ఫ్లాస్క్ మాత్రం మీరు తెమ్మనలేదు. 'స్టోర్స్‌లో ఫ్యాన్ ఉందమ్మా, ఏడాది అట్లా కూర్చుంటే గడిచిపోతుంది' అన్నారు. ఆ మాట వినే ఇంటికి పోయి ఫ్లాస్క్ కడిగిన."