అడ్వాన్స్ అంటే వద్దన్నాను

మా వాడలో అడ్వాన్స్ అనే మాటకు ఒకటే అర్థం. జంపఖానాలు నేయించే సేటు ముందుగా డబ్బు ఇస్తాడు, అది తీరేదాకా నేసేవాడు ఇంకో సేటుకు నేయకూడదు. ఇంటి పైకప్పు కోసం మా ఆయన అట్లా తీసుకున్నది తీరడానికి తొమ్మిదేళ్లు పట్టింది. పక్క సేటు కూలి పెంచినా మేము చూస్తూ కూర్చున్నాం. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరమగ్గాల షెడ్లకు పోయే ఆడవాళ్ల పిల్లలను పగలంతా చూసుకోవడానికి మేము ఒక సంఘం పెట్టుకున్నాం. ఒక గది, ఒక వంటామె, ఒక ఆయా. నేను చదివింది మూడో తరగతే గానీ లెక్క తప్పనని నన్ను కోశాధికారిని చేశారు. సర్కారు గ్రాంటు ఇస్తుంది. కాకపోతే ముందు మేమే ఖర్చుపెట్టి, బిల్లులు చూపించి, నెలల తరబడి ఎదురుచూడాలి. అప్పటిదాకా తలా ఇంత వేసుకునేవాళ్లం. మొన్నటి ఎండాకాలంలో వేసుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. గది మూసేశాం.

మా పక్కింటి అమ్మాయి ఏడాదిన్నర కూతురిని షెడ్డుకే తీసుకుపోయి, పాత చీరతో గుంజకు కట్టి పనిచేసేది. ఇంకోసారి పిల్లను తెస్తే పనికి రావద్దని ఓనరు చెప్పేశాడు.

అప్పుడు గ్రాంటు ఇచ్చే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మా సంఘం అధ్యక్షురాలు, నా కూతురి వయసు మనిషి, చదివి వినిపించింది. ఈ ఏడు సగం గ్రాంటు అడ్వాన్స్‌గా ఇస్తారట. ఇద్దరమూ సంతకం పెట్టాలట.

"నేను పెట్ట," అన్నాను.

"పెద్దమ్మా, పైసలొస్తాంటె వద్దంటవా?"

"ఊకెనే రావు. రేపు గా ఆఫీసోళ్లు ఏం చెప్తె అదే చెయ్యాలె. నీకెరుకలేదు, నేను తొమ్మిదేండ్లు చూసిన."

"మరి గా పిల్లను ఇంట్లనే గుంజకు కట్టి పోవాల్నా?"

ఆఫీసుకే పోయి అడుగుదామన్నాను. ఆటో దండుగని బస్సులో హనుమకొండ పోయాం.

అక్కడి మేడం నర్సంపేట పిల్ల. కుర్చీ చూపించింది. నేను నిలబడే అడిగాను.

"బిడ్డా, ఇది తీస్కుంటె మేం ఎన్నేండ్లు మీ కింద చెయ్యాలె?"

ఆమెకు అర్థం కాలేదు. మా అధ్యక్షురాలు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సేటు సంగతి చెప్పాను. మేడం నవ్వలేదు. వాళ్ల నాయన కూడా పత్తి మీద షావుకారి దగ్గర అట్లాగే తీసుకున్నాడట.

"ఇది బాకీ కాదవ్వా. మీరు ముందు పెట్టుకోలేకపోతాన్రని మేమే ముందు ఇస్తానం. పిల్లలకే ఖర్చుపెట్టినట్టు బిల్లులు చూపిస్తె అయిపాయె."

"మిత్తి?" వడ్డీ సంగతీ అడిగాను.

"లేదు."

"గట్లయితె రాసియ్యి."

సర్కారు కాగితం మీద అట్లా రాయకూడదట. తన డైరీలోంచి ఒక కాగితం చింపి, 'ఇది అప్పు కాదు' అని పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది. కూడబలుక్కుని రెండుసార్లు చదివాకే సంతకం పెట్టాను.

డబ్బు బ్యాంకులో పడ్డ వారానికి గది తెరిచాం. ఇన్నేళ్లూ బియ్యం ఉద్దెరకు తెచ్చేవాళ్లం, కొట్టువాడు చెప్పిందే ధర. ఈసారి చేతిలో పైసలు పెట్టుకుని బేరం చేశాను. "అవ్వా, నా దుకాణం నీకే రాసిస్త తీస్కో," అని దండం పెట్టి తగ్గించాడు. అంత తృప్తిగా నేను ఎన్నడూ సామాను కొనలేదు.

మూడు నెలలకు మేడం చూడటానికి వచ్చింది. మిగిల్చిన డబ్బు గొప్పగా చూపించాను.

"మంచిగ చేసిన్రు గని, ఏడాది ఆఖరుకు ఇంకా మిగిలితె వాపస్ కట్టాలె అవ్వా," అన్నది.

"మిగిలిచ్చుడు తప్పా?"

"తప్పు కాదు. పిల్లలకు పెట్టున్రి."

మరునాటి నుంచి వారానికి రెండు రోజులిచ్చే గుడ్డు రోజూ పెట్టించాను. పక్కింటి పిల్ల రెండు చేతులతో గుడ్డు పట్టుకుని, బుగ్గల నిండా పచ్చసొన పూసుకుని తింటున్నది. భోజనం వేళ తల్లి షెడ్డు నుంచి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడి పిలిచింది. పిల్ల తల కూడా ఎత్తలేదు.

"నా బిడ్డకు నేను యాదికే లేను," అని నవ్వుకుంటూ ఆమె మళ్లీ పనికి పోయింది.

వంటామె నాకూ ఒక గుడ్డు ఇవ్వబోయింది. అది పిల్లల లెక్కలోదని లోపల పెట్టించాను.