నడుము సూదికి ఎవరి సంతకం

2019 ఎండాకాలం. భువనగిరిలో ఒక చిన్న కాన్పుల ఆసుపత్రి, అందులో లేబర్ రూం స్టాఫ్ నర్సును నేను. అప్పటికే పదహారేళ్ల సర్వీసు. నా చేతుల మీదుగా ఎన్ని కాన్పులు అయ్యాయో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. నాకు తెలియనిది ఏముందిలే అన్న పొగరు కూడా ఉండేది, దాచడం ఎందుకు.

ఆ ఏడే మా డాక్టరమ్మ ఎపిడ్యూరల్ మొదలుపెట్టారు. నొప్పులు పడుతున్న తల్లికి నడుము దగ్గర వెన్నులో సూది గుచ్చి, దాని గుండా సన్నని గొట్టం వదిలి, అందులోంచి మందు ఎక్కిస్తారు. నొప్పి చాలావరకు తగ్గుతుంది. స్పృహ ఉంటుంది, కాన్పు మామూలుగానే అవుతుంది. అది పెట్టాల్సింది మత్తు డాక్టరు. మాలాంటి చిన్న ఆసుపత్రిలో మత్తు డాక్టరు రోజంతా ఉండడు, ఆపరేషన్ ఉందని ఫోన్ చేస్తే వస్తాడు. ఎపిడ్యూరల్ పెట్టిన తల్లిని ఎలా చూసుకోవాలో నేర్చుకోమని నన్ను నెల రోజులు హైదరాబాదు పంపారు. నేర్చుకుని వచ్చాను గానీ, ఎవరికి చెప్పినా "నడుముల సూదా? అమ్మో!" అని వెనక్కి తగ్గేవాళ్లు.

స్వప్న ఒక్కతే తానుగా అడిగింది. ఇరవై ఆరేళ్ల పిల్ల, తొలిచూలు. చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో పని. కాంట్రాక్టు ఉద్యోగం, రెండు నెలల్లో తిరిగి చేరకపోతే ఆ జాగాలో ఇంకొకరు కూర్చుంటారు. అందుకే ఆపరేషన్ లేకుండా కాన్పు కావాలని ఆమె పట్టు. ఏడో నెల నుంచీ చెకప్‌కి వచ్చినప్పుడల్లా నా పక్కన కూర్చుని అదే మాట.

"సిస్టర్, మా అక్క నొప్పులకు తట్టుకోలేక ఒర్లి ఒర్లి ఆఖరికి కడుపు కోపిచ్చుకుంది. నాకు గట్ల కావద్దు. నాకు గా సూది ఇప్పియ్యుండ్రి."

"నేనున్న కదా, ఫికర్ చెయ్యకు," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

ఆమెకు నొప్పులు మొదలై వచ్చిన రోజు అన్నీ కలిసొచ్చాయి. పది గంటలకు పరీక్ష చేస్తే గర్భద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది. ఎపిడ్యూరల్‌కి సరైన సమయం. పొద్దున వేరే ఆపరేషన్ కోసం వచ్చిన మత్తు డాక్టరు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. ఎపిడ్యూరల్ అయితే కాన్పు అయ్యేదాకా ఉంటాననీ, లేదంటే పన్నెండింటికి ఇంకో ఊరి ఆసుపత్రికి వెళ్లాలనీ చెప్పారు. సంతకం ఒక్కటే తక్కువ.

మా దగ్గర ఒక అలవాటు ఉంది. నొప్పుల్లో ఉన్న మనిషిని కాగితాలతో ఏం సతాయిస్తామని, కన్సెంట్ ఫారం, అంటే ఒప్పుకోలు పత్రం, వరండాలో కూర్చున్న భర్తకో అత్తకో ఇస్తాం. రేపు గొడవపడేది వాళ్లే కదా, వాళ్ల సంతకమే మాకు ధైర్యం. ఏ పుస్తకంలోనూ అలా లేదు. మేజరైన మనిషి, స్పృహలో ఉంది, ఆమె ఒంటికి ఆమె సంతకం చాలు. నర్సింగ్ స్కూల్లో నేను చదువుకున్నదే ఇది.

నేను ఫారం తీయగానే స్వప్న మంచం మీద నుంచి చెయ్యి చాపింది. ధైర్యం కోసమనుకుని ఆ చెయ్యి పట్టుకుని నొక్కాను. "ఇప్పుడే వస్త బిడ్డా," అని ఫారం తీసుకుని బయటికి నడిచాను.

వరండాలో ఆమె భర్త నరేష్, అత్త యాదమ్మ ఉన్నారు. విషయం చెప్పేసరికి యాదమ్మ లేచి నిలబడింది.

"ఒద్దు బిడ్డా. నాకు పిల్లలు కాకుండ చేసే ఆపరేషన్ల గా సూదే ఏసిండ్రు. గప్పటికెల్లి నా నడుము నాది గాదు. వంగి నాటెయ్యలేను, బిందె ఎత్తలేను. గీ పిల్లకు గా గతి ఎందుకు?"

ఆమె చెడ్డ అత్త కాదు. కోడలికి ఇష్టమని పొద్దున్నే జొన్నరొట్టె, పచ్చిపులుసు చేసి టిఫిన్‌లో పెట్టుకొచ్చిన మనిషి. జీవితమంతా నడుమునొప్పి ఉండిపోవడం సూది వల్ల కాదని ఎంత చెప్పినా, ఆమె నొప్పి ఆమెకు తెలుసు, నా మాట ఎందుకు నమ్ముతుంది?

నరేష్ ఊళ్లో ఆర్ఎంపీకి ఫోన్ కలిపాడు. జ్వరానికి మందిచ్చే ఆ ఊరి వైద్యుడిని అడగకుండా వాళ్లు ఏదీ చెయ్యరు. స్పీకర్ పెట్టాడు.

"అరే నరేషూ, గది వెన్నుల గుచ్చుతర్రా! కాళ్లు పడిపోతే ఎవడు దిక్కు? నొప్పి లేకుండ కాన్పెట్లయితది? మీ అమ్మ కనలేదా నిన్ను?"

నేను ఫోన్ తీసుకుని చెప్పాను, వాదించాను, గొంతు కూడా పెంచాను. నరేష్ పెన్ను పట్టుకుంటాడు, తల్లి వైపు చూస్తాడు, కింద పెడతాడు. "రేపేమన్నయితే అందరు నన్నే అంటరు సిస్టర్," అన్నాడు. మత్తు డాక్టరు రెండుసార్లు వచ్చి, "తేల్చారా?" అని అడిగారు. పన్నెండు దాటాక కారెక్కి వెళ్లిపోయారు. ఖాళీ ఫారం పట్టుకుని లోపలికొచ్చాను.

"డాక్టర్ సారు ఏడి?" అంది స్వప్న.

"పోయిండు బిడ్డా. జర ఓర్చుకో," అని, బీపీ పట్టీ సర్దుతూ ముఖం తిప్పుకున్నాను. మీవాళ్లు వద్దన్నారని చెప్పడానికి నోరు రాలేదు.

తర్వాత రెండు గంటలు ఆమె ఎలా అరిచిందో రాయలేను. రెండింటికి ఏడు సెంటీమీటర్లు, బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. అంతా సరిగ్గానే నడుస్తోంది, ఒక్క స్వప్నకు తప్ప. బయట యాదమ్మ తలుపు బాదుతోంది. "నా కోడలు సచ్చిపోతాంది, కొయ్యుండ్రి మేడం, కోసి తియ్యుండ్రి!"

డాక్టరమ్మ బయటికి వెళ్లి, ఇంకాస్త ఓపిక పడితే మామూలు కాన్పు అవుతుందని చెప్పారు. నరేష్ మాత్రం అన్నాడు, "ఏమన్నయితే మీదే జిమ్మేదారి మేడం." ఆ మాట విన్నాక ఎదురు నిలబడే డాక్టర్లు మా దిక్కు తక్కువ. అప్పటికి స్వప్న కూడా ఏదో ఒకటి చెయ్యమని నా కొంగు పట్టుకుని ఏడుస్తోంది.

ఆపరేషన్ ఫారం మీద నరేష్ నిమిషంలో సంతకం పెట్టాడు. ఒక్క ముక్క చదవలేదు. ఆర్ఎంపీకి ఫోన్ చెయ్యలేదు. మత్తు డాక్టరును మళ్లీ పిలిపించాం. ఆపరేషన్‌కి ఇచ్చే మత్తును స్పైనల్ అంటారు. అదీ నడుములోనే, దాదాపు అదే చోట. దాని గురించి ఎవరూ నోరెత్తలేదు. స్వప్న కదలకుండా ఆమె భుజాలు వంచి పట్టుకున్నది నేనే.

"గీ సూదే కదా సిస్టర్, నేనడిగింది?" అంది నా ఛాతీకి తల ఆనించి.

"ఇసుంటిదే," అన్నాను.

ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు, బంగారంలా ఉంది. వరండాలో స్వీట్లు పంచారు. నాకూ పెట్టారు, తిన్నాను.

మూడో రోజు కట్టు మారుస్తుంటే స్వప్న అడిగింది. "గా సూది ఎవరు వద్దన్నరు సిస్టర్?"

చెప్పాను.

"మరి నన్నెందుకు అడగలే? కంపెనీల నా సంతకం లేంది మందు గేటు దాటది. నా ఒంటికి నా సంతకం పనికిరాలేదా?" మెల్లగా, "నేను పెన్ను కోసం చెయ్యి చాపిన. మీరు చెయ్యి పట్టుకున్నరు," అంది.

వాళ్లు భయపడ్డారు, తెలియనివాళ్లు. నాకు తెలుసు. తెలిసి కూడా ఆ కాగితాన్ని ఆమెను దాటించి తీసుకుపోయాను.

కుట్లకు చీము పట్టింది. రెండున్నర నెలలు ఆసుపత్రి చుట్టూ తిరిగింది. ఉద్యోగం పోయింది.

ఆ కేసు తర్వాత ఏ ఫారమైనా ముందు మంచం దగ్గరికే తీసుకెళ్తున్నాను. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి నాకు పదహారేళ్లు, ఒక మనిషి కడుపు మీద కోత కావాల్సి వచ్చాయి. సిగ్గుగా ఉంది.

2022లో స్వప్న రెండో కాన్పుకు వచ్చింది. మొదటిది ఆపరేషన్ కాబట్టి ఈసారి మామూలు కాన్పుకు ప్రయత్నించే సౌకర్యం మా దగ్గర లేదు, మళ్లీ కోతే. ఒళ్లు తగ్గి, మాట తగ్గి, వేరే మనిషిలా ఉంది. నేను ఫారం పట్టుకుని నేరుగా ఆమె మంచం దగ్గరికి వెళ్లాను. ఒక్కో లైను చదివి చెప్పాను. పెన్ను మూత తీసి చేతికిచ్చాను.

ఆమె పెన్ను వైపు చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో.

"ఆయనకే ఇయ్యుండ్రి సిస్టర్," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

బతిమాలాను. దుప్పటి మీదికి లాక్కుంది. ఆపరేషన్ టైం అవుతోంది. నరేష్ తలుపు దగ్గరికొచ్చి, "యాడ పెట్టాలె సిస్టర్?" అని అడిగాడు.

చూపించాను.