ఒదిగి కూర్చున్న కొలత

నేను బాస్కెట్‌బాల్ ఆడేది చక్రాల కుర్చీలో. చిన్నప్పుడే పోలియోతో కాళ్లు పోయాయి, నోరు మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది, కావాలంటే రిఫరీలను అడగండి. ఆస్పత్రి కుర్చీల్లో ఆడి విసుగెత్తి, భవానీపురంలో మా ఇంటి కింది షెడ్డులో ఆటల కుర్చీలు నేనే తయారు చేయడం మొదలుపెట్టాను. గొట్టాలు వంచే పని ఆటోనగర్‌లో చేయిస్తాను. కొలతలు తీయడం మాత్రం ఇంకొకరికి అప్పగించను. ఆ విషయంలో నాకు కాస్త పొగరే.

కిందటేడు కొల్లేరు వైపు నుంచి ఒక చేపల వ్యాపారి తన కూతుర్ని తీసుకొచ్చాడు. లారీ ప్రమాదంలో ఆ అమ్మాయికి మోకాళ్ల కింద రెండు కాళ్లూ తీసేశారు. జిల్లా జట్టు ఎంపికలు దగ్గరపడ్డాయి. ఈసారి జట్టులోకి రాకపోతే ఆటలు చాలించాల్సిందేనని తండ్రి ముందే చెప్పేశాడు. ఆ అమ్మాయి పెళ్లిచూపుల్లో లాగా తల వంచుకుని కూర్చుంది. నేను శ్రద్ధగా కొలిచాను.

కుర్చీ తయారయ్యాక ఎక్కి చక్రాలు తోయబోతే సీటు ఇరుకు, చక్రాలు సరిగా అందవు. ఎలా ఉందమ్మా అంటే బాగానే ఉందండి అంటుంది. నాకు ఒళ్లు మండింది. ఇంతలో ఐసు లోడు గురించి ఫోనొచ్చి తండ్రి బయటికెళ్లాడు. ఆయన గడప దాటాడో లేదో, అమ్మాయి నడుం నిటారుగా పెట్టి, మోకాళ్లు ఎడం చేసి, మోచేతులు చాపింది. మనిషే మారిపోయింది.

"కదలకమ్మా, అలాగే ఉండు," అని టేపు అందుకున్నాను.

"నాన్న ముందు ఇలా కూర్చోనండి," అంది సిగ్గుపడుతూ. నేను మొదట కొలిచింది ఆ అమ్మాయిని కాదు, ఆమె మర్యాదని. సీటు వెడల్పు చేసి మళ్లీ బిగించాను.

ఎంపికల రోజు మొదట బాగానే ఆడింది. కోర్టు పక్కన కుర్చీలో కూర్చున్న తండ్రి కంటపడగానే మోచేతులు దగ్గరకొచ్చేశాయి, చేతిలోకి రావలసిన బంతి పక్కనుంచి పోయింది. ఇక ఊరుకోలేక ఆయన పక్కకెళ్లి సంగతంతా చెప్పాను. ఆయన లేచి, తన ప్లాస్టిక్ కుర్చీని వెనకున్న గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

ఆట అయ్యేవరకూ ఆ గోడనే చూస్తూ నన్ను అడుగుతూనే ఉన్నాడు, బంతి ఎవరి దగ్గరుందండీ, మా పిల్ల కొట్టిందాండీ అని. నేను చెబుతూనే ఉన్నాను. అంత సంతోషంగా నేను ఏ ఆటకీ వ్యాఖ్యానం చెప్పలేదు.

చివరికి జట్టులో ఆ అమ్మాయి పేరు చదివారు. ఆయన భుజాలు కదిలాయి కానీ తల తిప్పలేదు.

"ఇప్పుడు తిరగొచ్చాండీ?" అని గోడనే అడిగాడు.