జిమ్మా అన్న మాట

మా ముత్తాత మదుర కోటలో ఒక బురుజుకు అధిపతి. ఆయన తండ్రికి నాయకరాజు కొలువులోకి మొలకత్తి విప్పకుండా వెళ్ళే హక్కు ఉండేది. మా తాత ఆండిపట్టి కనుమకు ఇవతల పాళెగాడు. ఆయన పల్లకి వస్తే సంత నోరు మూసుకునేది. ఇది గొప్ప కాదు, ఉన్న మాట. మొన్న తాలూకా కచ్చేరిలో, మీసమైనా సరిగ్గా రాని గుమాస్తా నన్ను నిలబెట్టి, "మీ చింతతోపు ఇక సర్కారు జిమ్మా" అన్నాడు. తోపు పోయినందుకు కాదు, ఆ మాట మళ్ళీ విన్నందుకు ఒళ్ళు మండింది.

కుంపిణీవాళ్ళు మా కోటగోడలు పడగొట్టిన ఏడు నాకు కొత్తగా పెళ్ళయింది. అమీను వచ్చి గుమ్మం ముందు బంట్రోతులను నిలబెట్టి, "కోట సర్కారు జిమ్మా" అన్నాడు. జిమ్మా అంటే లాక్కోవడమని ఆ రోజు ఇంటిల్లిపాదీ నేర్చుకున్నాం. తరువాత ఆయుధాలు అప్పగించమని దండోరా వేశారు. ఈటెలు, తుపాకులు ఇచ్చేశాం. జక్కమ్మ కత్తిని మాత్రం ఇవ్వలేదు. ఆమె మా కులదేవత. ఆ కత్తే ఆమె రూపం, దానికే మా పూజ. దొరికితే పాత ఇనుములో కలిపేస్తారు.

దాన్ని దాచింది ఒక రావుత్తరు. తరతరాలుగా మా లాయానికి గుర్రాలు తెచ్చి అమ్మిన తురక కుటుంబం వాళ్ళది. ఆయన గుర్రాల కంటే ఆయన గడ్డమే బాగా దువ్వి ఉండేది. మా అవ్వ అడగగానే కత్తిని కంబళిలో చుట్టి, తన లాయం అటక మీద గడ్డిలో పెట్టాడు. తాతకు అది కంటిలో నలుసు. గుర్రాలమ్మేవాడి ఇంట్లో అమ్మవారా అని రోజూ సణిగేవాడు.

కొంతకాలానికి ఆర్కాటులో చదువుకున్న రావుత్తరు అల్లుడు వచ్చాడు. కత్తిని చూసిపోదామని తాతా నేనూ లాయం దగ్గరికి వెళ్ళేసరికి లోపల అరవంలో గొడవ జరుగుతోంది.

"బొమ్మకు మొక్కేవాళ్ళ సొత్తు మన ఇంట్లో ఎందుకు మామా? పాపం మనకు కదా!"

"నేను మొక్కుతున్నానా మాపిళ్ళా? కాస్తున్నాను. వాళ్ళు నా జిమ్మా."

తాత తడిక తోసుకుని లోపలికి దూకాడు. "ఎవరు ఎవరి జిమ్మారా? నా కోట మింగిన మాట నీ నోటికీ వచ్చిందా?"

రావుత్తరు తడబడ్డాడు. "కోవం వద్దు నాయకరే. కచ్చేరివాళ్ళు ఆ మాటను పాడుచేసినారు. మా వేదంలో అది కాపు, కాచే పూచీ. మీ పూజ తప్పనే అంటాను, మీ మొహానే అంటాను. కానీ, మా కాపులో ఉన్నవాడికి ఒక గీత పడినా కడపటి దినాన మా నబీ అతని పక్క నిలబడి నన్ను అడుగుతారు."

"కాపులో ఉన్నవాడు కాచేవాడికి సమానమా, కిందా?" అన్నాడు తాత.

అల్లుడు చప్పున అందుకున్నాడు. "కిందే."

రావుత్తరు అతణ్ణి కసిరాడు గానీ కాదనలేదు. తాత కళ్ళలోకి చూసి, "మీ కొలువులో మా తాత ఎక్కడ కూర్చున్నాడు నాయకరే? వాకిటి బయట, గుర్రాలతో. అయినా మీ ఉప్పుకు ద్రోహం చేసినాడా?" అన్నాడు.

ఎదుటివాడు నిజం చెప్పినప్పుడు మా వంశంలో మగవాళ్ళు నిటారుగా నిలబడతారు. తాత అటకెక్కి కంబళి విప్పి పారేసి, పట్టపగలు, కత్తి భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. రావుత్తరు తలపాగా జారిపోతున్నా వెంటపడి, "చీకటి పడనీయండి నాయకరే! కుంపిణీ ఆళ్ళు సంతలో ఉన్నారు!" అని బతిమాలాడు. తాత వెనక్కి చూడలేదు. నేనూ చూడలేదు. సంత మొగలో బంట్రోతులు తాత భుజం మీది కత్తి లాక్కున్నారు.

ఇంట్లో అవ్వ ఒక్క మాటే అంది. "గడ్డిలో పడుకున్న అమ్మకు లేని రోసం నీకెందుకయ్యా?"

తాత బతికినన్నాళ్ళూ రావుత్తరు మొహం చూడలేదు. నేనూ ఆ గడప తొక్కలేదు. కాపు మంచిదే కావచ్చు, ఆ మనిషి మాట తప్పనివాడే కావచ్చు. కింద కూర్చోబెట్టి కాచే నీడ ఎవరి వేదంలో ఉన్నా నాకు అక్కరలేదు. కుంపిణీ వేదంలో ఆ నీడ కూడా లేదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

జక్కమ్మ కత్తిని ఆండిపట్టిలో పాత లాడాలతో కలిపి వేలం వేశారు. కొన్నవాడు కమ్మరి.