పటంలో మసకబారిన మా అక్క

మా ఆయన మిలటరీలో చేరబోతున్నాడని మామ ఇంటిల్లిపాదికీ ఫోటో తీయించాడు. దుర్గి దగ్గర మా ఊరికి నరసరావుపేట నుంచి ఫోటోలాయన వచ్చేసరికే పొద్దు వాలింది. మామ ఆయన్ని గొడ్లచావిడి పక్కకి తీసుకెళ్లి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు.

పటం వచ్చాక అందరం మూగాం. మామ, అత్త, మా ఆయన, నేను, పిల్లలు రాతి మీద చెక్కినట్టు తేటగా ఉన్నాం. వెనకాల అరుగు మీద నిలబడ్డ మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే ఆమె మాత్రం పొగలో ఉన్నట్టుంది. కళ్లూ ముక్కూ తెలియట్లేదు. ఆమె భర్త, మా బావగారు పోయి ఏడాది కూడా కాలేదు.

అక్క పటాన్ని చానాసేపు చూసింది. పక్కకొచ్చి నాతో మెల్లిగా అంది.

"ఏమే, రేపు పంపకాలప్పుడు ఈ ఇంట్లో నేను లేనే లేనని చూపించడానికి చెరిపించాడే మీ మామ."

కాదనబోయాను. చావిడి దగ్గర మామ ఫోటోలాయనతో అన్న మాటలు గుర్తొచ్చాయి. ఆ రోజు నుంచి మామ దగ్గినా నాకు అనుమానమే.

నాకు పంటినొప్పి అని చెప్పి, దుర్గిలో బస్సెక్కి ఇద్దరం నరసరావుపేట వెళ్లాం. స్టూడియోలో అక్క పటాన్ని బల్ల మీద పెట్టింది.

"ఏందయ్యా, నా మొహం ఏం చేశావు?"

ఆయన బిత్తరపోయాడు. "చెరపలేదమ్మా. కావాలంటే మీరే చూడండి."

ముందు ఒక కుర్చీ వేసి, నన్ను దూరంగా గోడ దగ్గర నిలబెట్టాడు. అక్క కెమెరా వెనక వేలాడే నల్లగుడ్డలో తల దూర్చింది.

"అమ్మో, బొమ్మ తలకిందులుగా ఉందేంది! కుర్చీ తేటగా ఉంది. గోడ దగ్గరున్న ఇది మసకగా ఉంది."

"మొహాలు పెద్దగా పడాలని మీ పెద్దాయన అంటే పొడుగు లెన్సు పెట్టా. అది దూరాన్ని దగ్గరకి లాగుద్ది గానీ, ఒక్క వరసనే తేటగా పట్టుద్ది. పైగా వెలుగు చాలక లెన్సు కన్నం బాగా తెరిచా. ఇప్పుడు చూడండి." లెన్సు చుట్టూ ఉన్న కట్టు తిప్పాడు.

"చీకటి పడింది... ఆఁ, కనపడుతున్నావే! నీ ముక్కుపుడక కూడా!"

"కన్నం చిన్నదైతే ముందూ వెనకా రెండూ తేటపడతాయి. కానీ చానాసేపు కదలకూడదు. మీ పిల్లలు ఆగరని ఆ రోజు తగ్గించలేదు."

అక్క బయటికొచ్చి చెదిరిన జుట్టు సర్దుకుంది. నా గుండెల్లో బరువు దిగినట్టయింది. ఆమెకి మాత్రం దిగలేదు.

"సరేనయ్యా, మసక లెన్సుది. మరి నన్ను అంత వెనక్కి నిలబెట్టింది ఎవరు?"

ఆయన తల దించుకున్నాడు. "పెద్దాయనే. పెద్దకోడల్ని అరుగు మీదే ఉంచు, శుభమా అని కొడుకు బయలుదేరుతున్నాడు, ముందుకి రానీయొద్దు అన్నాడమ్మా."

ఇంటికి రాగానే అక్క కాళ్లు కూడా కడుక్కోకుండా మామ ముందుకెళ్లి నిలబడింది.

"పటంలో వెనక నిలబెట్టావు, నిలబడ్డా. పంపకాల్లో నిలబడను. మా ఆయన వాటా పెద్దమనుషుల ముందు చెప్పు."

మామ నా వైపు చూశాడు, నేను కాదంటానేమోనని. నేను అక్క పక్కకి జరిగాను. మా ఆయన కూడా, "వదిన అడిగేది న్యాయమే నాన్నా" అన్నాడు.

మా ఆయన మిలటరీకి రైలెక్కకముందే పెద్దమనుషులు కూర్చున్నారు. మామ గొణుగుతూనే వాగు పక్క చేను అక్కకి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. హద్దురాళ్లు పాతేదాకా అక్క నమ్మలేదు. పాతాక కూడా గట్టు వెంట ఒకసారి నడిచి చూసుకుని, ఆ ఏడు మిరప వేసింది.