స్టాంపు పడిన క్రీడా ప్రాంగణం

ఫోను చేతిలో ఉంటే చాలు, కూర్చున్న చోటి నుంచే ఊళ్లకు ఊళ్లు కట్టేయొచ్చని నమ్మిన వయసు నాకూ ఒకటుండేది. డిగ్రీ అయిపోయి, కళ్యాణదుర్గం వైపు ఒక మండలాఫీసులో తాత్కాలికంగా కంప్యూటర్ ఆపరేటరుగా చేరిన రోజులవి. పొద్దున అనంతపురంలో బస్సెక్కితే దిగేదాకా ఫోనులో నగరం కట్టే ఆట ఆడేదాన్ని. ఇళ్లు కట్టాలి, రోడ్లు వేయాలి, బడి పెట్టాలి, జనం నెత్తి మీద కోపం బొమ్మలు రాకుండా చూసుకోవాలి. అన్నిటికంటే నాకు నచ్చింది అందులోని నీళ్ల వ్యవహారం. నీళ్ల ట్యాంకు బొమ్మను వేలితో లాక్కొచ్చి ఒక మూల పెడితే చాలు, వీధి వీధికీ నీళ్లు పారేవి. (మా ఇంట్లో కొళాయి ఎప్పుడొస్తుందో తెలియక మా అమ్మ బిందెలు వరస పెట్టుకుని కూర్చునేది. ఒకసారి ఆమెకు నా ట్యాంకు చూపిస్తే, "యాడ దొరుకుతాది పాపా ఇది?" అని నిజంగానే అడిగింది.) నగరానికి పేరు పెట్టమంటే నేను పనిచేసే మండలం పేరే పెట్టాను. ఎండకు తారు కరిగే ఆ ఊరికి నా ఫోనులోనైనా మంచి రోజులు రావాలని నా ఉద్దేశం. ఉద్దేశాలకు ఆ వయసులో లోటుండదు కదా.

కొన్ని నెలలు ఆడాక ఒక గొప్ప భవనం తెరుచుకుంది. భవిష్యత్తు కాలపు ఆగ్మెంటెడ్ రియాలిటీ స్పోర్ట్స్ పార్కు. పచ్చటి మైదానం, చుట్టూ నీలం వెలుగులు, పైన గాజు కప్పు. అందులో జనం నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గాలిలోకి ఎగిరి, ఎదురుగా లేని బంతిని తంతూ, అసలు లేని ఆటగాళ్లను తప్పించుకుంటూ పరిగెత్తుతారు. దాన్ని నగరం నడిబొడ్డున నిలబెట్టిన రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. అది శుక్రవారం. ఆఫీసుకు అప్పుడే కొత్త కలర్ ప్రింటరు వచ్చింది, కొత్త తెలుగు అక్షరాలు కూడా కంప్యూటర్లో ఎక్కించారు. రెండూ పనిచేస్తున్నాయో లేదో చూద్దామనే మిషతో, నా పార్కు బొమ్మ కింద పెద్ద అక్షరాలతో "భవిష్యత్ క్రీడా ప్రాంగణం" అనీ, దాని కింద మండలం పేరూ కొట్టి ప్రింటు ఇచ్చాను. అంతలో బస్సు వేళయింది. కాగితం సంగతి మరిచిపోయి పరిగెత్తాను.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు. అటెండరు. అందరూ స్టాంపు తాత అనేవాళ్లు. కనపడిన ప్రతి కాగితానికీ గుండ్రటి స్టాంపు వేయడం, స్టాంపు పడిన ప్రతి కాగితాన్నీ నోటీసు బోర్డుకు గుచ్చడం ఆయన నమ్మిన ధర్మం. శనివారం పొద్దున ప్రింటరులో రంగురంగుల కాగితం కనపడేసరికి, ఇంత అందమైన ప్రభుత్వ పత్రం ఇదివరకెన్నడూ చూడలేదని మురిసిపోయి, ఒకటికి రెండు స్టాంపులు వేశాడట.

సోమవారం నేను బస్సు దిగేసరికి బోర్డు ముందు జనం. బోర్డు మీద నా పార్కు. ఒకాయన అడుగుతున్నాడు, "కండ్లద్దాలు కార్డుకొకటా, మనిషికొకటా?" ఇంకొకాయనకు పచ్చగడ్డి మీద కన్ను. "ఆ గడ్డిలోకి మేకల్ని ఇడుస్తారా, కంచె ఏస్తారా?" వెనక నుంచి ఒక అవ్వ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "నాకు ఎడమ కన్ను ఆపరేషన్ అయిండాది నాయనా, కుడి కన్నుకు మాత్రం ఇస్తే చాలు." నేను తలొంచుకుని, ఎవరి కంటా పడకుండా నా కుర్చీలో కూలబడ్డాను. ఆ క్షణంలో లేచి ఆ కాగితం పీకేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ పీకితే ఎందుకు పీకావంటారు, ఆఫీసు ప్రింటరులో ఆట బొమ్మలేమిటంటారు, అసలు ఆఫీసులో ఆటలేమిటంటారు. జనం వెళ్లాక తీద్దాంలే అనుకున్నాను.

జనం వెళ్లలేదు, విజిల్ సార్ వచ్చాడు. ఆయన ఆ ఊరి హైస్కూల్లో ఆటల మాస్టారు. సన్నగా, నల్లగా, మెడలో ఎప్పుడూ విజిల్. వెనక వరసగా పన్నెండు మంది ఆడపిల్లలు, ఖోఖో జట్టు. చేతిలో బొరుగుల ఉండల పొట్లం. నేరుగా నా టేబులు దగ్గరకు వచ్చి పొట్లం నా ముందు పెట్టాడు.

"అమ్మా, బడి ఎనకాల జాగా కొలిచి గ్రౌండు ఇప్పించండని అర్జీ పెట్టింటి. అర్జీలన్నీ టైపు కొట్టేది నువ్వేనంట కదా. గ్రౌండు అడిగితే ఏకంగా ప్రాంగణమే ఇచ్చినారు! సల్లగుండమ్మా."

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం, "పని జరుగుతా ఉంది సార్." పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఒక ఉండ తీసుకుని తిన్నాను. ఎలా మింగానో నాకే తెలియదు.

మధ్యాహ్నం ఆ పిల్లల్లో ఒకమ్మాయి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. పొద్దున పరిచయం చేస్తూ సార్ ఆ పిల్లను "రైలుబండి" అన్నాడు. పరిగెత్తడం మొదలుపెడితే ఆపడం కష్టమట. తొమ్మిదో తరగతి. ఆ ఏడు వాన లేక శనక్కాయ చెట్టు చెట్టులాగే ఎండిపోయింది. ఇంటిల్లిపాదీ బెంగళూరుకు, కట్టడం పనులకు బయలుదేరుతున్నారు. అక్కడ వంట చేయడానికి ఈ పిల్లనూ తీసుకుపోవాలని తల్లి పట్టు. ఆయన నా టేబులు ముందు కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"పాపా, మాకు సదువు లేదు. నువ్వు నిజం చెప్పు. గ్రౌండు వస్తాదా? వస్తాదంటే ఈ పిల్లను వాళ్లవ్వ కాడ ఇడిసిపోతా. సారు దీన్ని జిల్లాకు ఆడిపిస్తానంటాండాడు. రాదంటే తోడ్కపోతాం. బుధవారం మా బండి."

ఆ పిల్ల నా వైపు చూడలేదు. బోర్డు మీద బొమ్మ వైపు చూస్తోంది. "రేపు చెప్తానన్నా, ఫైలు చూసి," అన్నాను.

వాళ్లు వెళ్లాక నిజంగానే ఫైలు వెతికాను. సార్ అర్జీ వేరే ఎక్కడో, ఏ పెద్ద అధికారి దగ్గరో ఆగిపోయి ఉంటుందని నా ఆశ. అలాగైతే తప్పు ఇంకొకరి మీదకు పోతుంది కదా. లోపల రికార్డు గది చూశాను, బీరువాలు చూశాను. ఎక్కడా లేదు. చివరికి నా టేబులు మీదే, కంప్యూటర్లో ఎక్కించాల్సిన అర్జీల కట్టలో అడుగున దొరికింది. నీలం సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలు. మూడు నెలల కిందటి తేదీ. నేను ఎక్కిస్తేగానీ సర్వేయరుకు అది కనపడదు. ఆ మూడు నెలలూ ఆ కట్ట పక్కనే, కీబోర్డు చాటున ఫోను పెట్టుకుని, నేను ఇంకో ఊరికి క్రీడా ప్రాంగణం కడుతున్నాను.

సాయంత్రం ఇంట్లో అన్నం సహించలేదు. మా నాయన బోరు లారీ మీద పనిచేసేవాడు. ఎదురుగా కూర్చుని తింటున్నవాడు నా మొహం చూసి, "ఏమైంది?" అన్నాడు. చెప్పాను. మొదట కండ్లద్దాల అవ్వ సంగతి విని పొలమారేంతగా నవ్వాడు. తర్వాత రైలుబండి సంగతి విని తినడం ఆపాడు.

"బోరు ఏస్తాంటాం," అన్నాడు. "ఐదు నూర్లు, ఆరు నూర్ల అడుగులు పోయినా దుమ్మే వస్తాంటాది. అప్పుడు రైతు మొకం చూడలేక మావోళ్లంతా లారీ ఎనక్కి పోయి బీడీలు ముట్టిస్తారు. ఆయప్ప ఇంకా చూస్తానే ఉంటాడు, తడి వస్తాదేమోనని. నేనే పోయి చెప్తా, అన్నా, పడలేదు అని. చెప్పి వచ్చేసేది కాదు పాపా. ఆడే కొంచేపు కూర్చుంటా."

"తిడితే?"

"తిడతారు. తిట్టనీ."

మర్నాడు అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లి, మొట్టమొదట ఆ అర్జీ ఎక్కించాను. తర్వాత మా ఆఫీసర్ మేడం గదిలోకి వెళ్లి అన్నీ చెప్పేశాను. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను (పాఠకుల్లో పిల్లలుండవచ్చు). అంతా అయ్యాక, "బోర్డు మీద నువ్వే నోటీసు పెట్టు," అంది. పెట్టాను. "పై చిత్రము ఫోనులో ఆడు ఆట బొమ్మ మాత్రమే. ప్రజలెవరూ నమ్మవద్దు." స్టాంపు తాత కళ్లద్దాలు సర్దుకుని దాన్ని రెండుసార్లు చదివి, దానికీ స్టాంపు వేశాడు.

బడి వెనక స్థలానికి నడిచి వెళ్లాను. స్థలమంటే రాళ్లు, కంపచెట్లు, మధ్యలో కాళ్లతో తొక్కీ తొక్కీ చదునైన ఒక చిన్న చీలిక. ఆ చీలికలోనే పిల్లలు వరసగా కూర్చుని లేస్తూ ఆడుతున్నారు. రైలుబండి వాళ్ల నాన్న ఒక బండ మీద కూర్చుని చూస్తున్నాడు. సార్ నన్ను చూసి విజిల్ ఊది అందర్నీ పిలిచాడు, నేనేదో శుభవార్త తెచ్చానని. అందరూ చుట్టూ చేరారు. ప్రాంగణం రాదనీ, అది ఫోనులోని ఆట అనీ, అర్జీ మూడు నెలలు నా టేబులు మీదే పడి ఉందనీ, ఈ పొద్దునే ఎక్కించాననీ, కొలతకు ఎప్పుడొస్తారో నాకు తెలియదనీ చెప్పాను.

సార్ విజిల్ తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. చివరికి, "ఆ కండ్లద్దాల కథేందమ్మా, అది గూడా అబద్ధమేనా?" అన్నాడు. అది మాత్రం నిజమేననీ, పెద్ద ఊళ్లలో అలాంటివి వస్తున్నాయనీ, కళ్లద్దాలు పెట్టుకుంటే లేని గ్రౌండు ఉన్నట్టు కనపడుతుందనీ చెప్పాను.

ఆయన రాళ్ల వైపు ఒకసారి చూశాడు. "మా పిల్లోల్లకు కండ్లద్దాలు లేకుండానే కనపడతాండాది," అన్నాడు. పిల్లలు పకపకా నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

రైలుబండి వాళ్ల నాన్న నన్ను తిట్టలేదు. "చెప్పినావు, మేలు," అన్నాడు. తర్వాత కూతురితో, "బట్టలు సర్దుకో మే," అన్నాడు. ఆ పిల్ల "సరే నాయనా" అంది. నేను వెంటనే వెళ్లిపోదామనుకున్నాను. కానీ మా నాయన చెప్పింది చేయాలి కదా. ఆ బండ మీద ఆయన పక్కనే కూర్చున్నాను. పిల్లలు మళ్లీ ఆట మొదలుపెట్టారు. ఎండ నెత్తికెక్కేదాకా ఇద్దరం ఆ పిల్ల పరుగు చూశాం. పట్టుకోవడానికి ముగ్గురు ప్రయత్నించారు, ఎవరివల్లా కాలేదు.

బుధవారం వాళ్లు వెళ్లిపోయారు. సర్వేయరు వచ్చింది ఆ తర్వాత మూడు నెలలకు. లెక్క చూసుకుంటే, నేను అర్జీ ఎక్కించాల్సిన రోజునే ఎక్కించి ఉంటే, బండి కదిలే రోజుకు ఆ పిల్ల కాళ్ల కింద కొలిచిన గ్రౌండు ఉండేది. ఈ లెక్క నేను చాలాసార్లు చేశాను, ఎప్పుడు చేసినా అదే వస్తుంది. హద్దురాళ్లు పాతాక ఆదివారాలు సార్, పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు గంపలతో రాళ్లు ఏరారు. నేనూ వెళ్లాను. మొదటి గంటలోనే నా అరచేతులు బొబ్బలెక్కితే పిల్లలు నన్ను నీళ్లిచ్చే పనికి మార్చేశారు. రైలుబండి జూన్‌లో బడి తెరిచేసరికి తిరిగొచ్చింది, ఒక జానెడు పొడుగై, చేతులు గరుకై. రెండేళ్లు జిల్లా జట్టుకు ఆడి, తర్వాత నర్సింగు చదివింది. నా మీద కోపముందా అని ఒకసారి అడిగితే, "ఉండె అక్కా. బెంగళూర్లో దినామూ తిట్టుకుంటాంటి నిన్ను," అని నవ్వేసింది.

పోయిన వేసవిలో ఏదో పని మీద ఆ దారిన పోతూ బడి వెనక ఆగాను. కొత్త పిల్లలు ఆడుతున్నారు. ఎవరూ నన్నెరగరు. ఈ నేల కోసం ఒకప్పుడు ఎంత జరిగిందో, అందులో నా పాపం ఎంతో, పుణ్యం ఎంతో ఎవరికైనా చెప్పాలని నోటిదాకా వచ్చింది. అంతలో సున్నం డబ్బా పట్టుకున్న ఒక చిన్న పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని నా ముందుకొచ్చింది.

"ఏమక్కా, గీత మింద నిలబడినావు. కనపళ్లేదా? పక్కకు జరుగు."

చూసుకుంటే నిజమే. చెప్పుల నిండా సున్నం. నవ్వుకుంటూ పక్కకు జరిగాను. నేను తొక్కిన చోట ఆ పిల్ల వంగి గీత మళ్లీ వేసింది, నేనైతే వేయలేనంత తిన్నగా.